ఎనిమిది వేల తేడా

"చౌక కంప్యూటర్ చాలు," అని భర్త నాలుగోసారి అన్నాడు. "పిల్ల పాఠాలకి ఏనుగెందుకు, మేక సరిపోతుంది."

"ఆ మేక నడవదు నాన్నా. రెండు పనులు చెబితే పడుకుంటుంది," అంది కూతురు.

"ఉన్న టీవీని తుడిచే దిక్కు లేదు," అని అత్తగారు తన వంతు కలిపింది.

పనికి బయల్దేరుతున్న కోడలు అన్నం డబ్బా మూత బిగిస్తూ విన్నది. అర్జీలు రాసిచ్చే దుకాణంలో పద్నాలుగేళ్ళుగా టైపు చేస్తున్న మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. నీకేది కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. పనికొచ్చే యంత్రం ఉంటే టైపు ఇంటికే తెచ్చుకోవచ్చు, మెడ పట్టేసే ఆ దుకాణం చీకటి మూలను వదిలేయవచ్చు. ఆరు నెలలుగా ఆమె మనసులో నలుగుతున్నది అదే. చౌకది వస్తే కూతురి బల్ల ఎక్కుతుంది; తను మూలలోనే ఉండిపోతుంది.

ఆ రోజు దుకాణంలో మనసు పని మీద లేదు. ఒకాయన సెలవు చీటీలో ఆరు రోజులకు బదులు ఆరు నెలలు కొట్టింది.

"ఆరు నెలలు ఇప్పించావేంటమ్మా?" అన్నాడు యజమాని. "ఆయన ఆఫీసులో ఖాళీలుంటే నేనూ చేరతాను."

భోజనం వేళ డబ్బా తెరవకుండానే కంప్యూటర్ల దుకాణానికి వెళ్ళింది.

"ఇది తీసుకోండక్కా. సినిమాలు, ఆటలు, అన్నీ వస్తాయి," అన్నాడు అమ్మేవాడు.

"అవన్నీ మా ఇంట్లో వద్దన్నా జరుగుతాయి బాబూ. కాస్త టైపు చేసి చూడనీ."

చౌకదాని మీద వేళ్ళు పరిగెత్తాయి. అక్షరాలు మాత్రం పంక్తి లేచాక వచ్చిన చుట్టంలా తీరిగ్గా వచ్చాయి.

"మెమరీ తక్కువక్కా. ఇంట్లో ఊరికే వాడుకునేవాళ్ళకి తెలీదు, మీ స్పీడుకి తెలిసిపోయింది."

రెండోదాని ముందుకు జరిగింది. ఇక్కడ వేలూ అక్షరమూ జోడెడ్లలా కలిసి నడిచాయి. ఆ వేళ్ళకు అర్జీ తప్ప మరొకటి రాదు. 'అయ్యా' అని మొదలై, విషయం దగ్గరకు వచ్చేసరికి 'పని మానుకొనుట గురించి' అని పడింది. ఎవరు చెప్పి రాయిస్తున్నారా అన్నట్టు ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు. ఒక్కో అక్షరమే చెరిపేసింది.

"రెంటికీ తేడా ఎంత?"

"ఎనిమిది వేలు."

ఆమె తన మెడ వెనక చేయి వేసి నొక్కుకుంది. సంచీలోంచి చిన్న పర్సు తీసింది.

రాత్రి భోజనాల దగ్గర మేకా ఏనుగూ మళ్ళీ మొదలయ్యాయి. ఆమె పప్పు వడ్డిస్తూనే చెప్పింది.

"రెండోది కొన్నాను. రేపు తెస్తారు. ముందుగదిలో కిటికీ దగ్గర పెడతాను. తొమ్మిది నుంచి నాలుగు దాకా నాది, తరవాత మీ ఇష్టం. దుకాణం ఇవాళే మానేశాను. టైపు కాగితాలు ఇంటికే పంపుతానన్నాడు యజమాని."

భర్త చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. కూతురు పళ్ళెంలోకి తల దించుకుని నవ్వుకుంది.

అత్తగారు అంది: "అయితే మధ్యాహ్నాలు నాకు తోడుంటావన్నమాట."

"ఉంటాను అత్తయ్యా. మాట్లాడనంతే."

మూసిన అర్జీల దుకాణం చీకటి మూలలో, గోడకేసి తిరిగిన ఆమె కుర్చీ మీద, నాలుగు మడతల పాత తువ్వాలు మధ్యలో గుంటపడి అలాగే ఉంది.