నాలుగో చెంచా

నేను ఒక వెండి సూదిని. కుట్టుసూదిని అనుకుని చులకన చేయకండి. జానెడు పొడవుంటాను, ఒక కొస మొన, రెండో కొస తామరమొగ్గ. మీరు నన్ను గాజుపెట్టెలోంచి చూస్తున్నట్టే నేనూ మిమ్మల్ని చూస్తున్నాను. ఆ ఎర్ర చొక్కా ఆయన ఇందాకటి నుంచి పెట్టె తాళం వైపే ఎందుకు చూస్తున్నాడో నాకర్థం కావడం లేదు. ఏమీ అనుకోకండి, నా వృత్తే అనుమానించడం. ఒకప్పుడు చైనాలో ఒక చక్రవర్తి భోజనంలో విషం ఉందో లేదో చూడడానికి నన్ను చేశారు. విషం తగిలితే వెండి నల్లబడుతుందని వాళ్ళ నమ్మకం.

పుట్టుకలోనే నన్ను అనుమానం చుట్టుకుంది. నన్ను చేసిన కంసాలి వెండిలో తగరం కలిపేస్తాడేమోనని కొలిమి పక్కనే ఒక అధికారిని కూర్చోబెట్టారు. ఆ అధికారి కంసాలితో కుమ్మక్కవుతాడేమోనని ఆయన వెనక ఒక భటుణ్ణి నిలబెట్టారు. భటుడి వెనక ఎవరున్నారో నాకు కనిపించలేదు గానీ, ఎవరో ఒకరు ఉండే ఉంటారు. రాజభవనమంటే అంతే. అక్కడ ఒక మనిషి తుమ్మితే ఎవరికి సైగ చేశాడా అని పదిమంది ఆలోచిస్తారు.

కొన్నాళ్ళు ఒక ముసలి రుచిగాడి చేతిలో పనిచేశాను. చక్రవర్తి కంటే ముందు ప్రతి వంటకంలో నన్ను ముంచి, ఆ తర్వాత తాను ఒక ముద్ద తిని చూడడం అతని పని. పోయే ముందు అతను నన్ను తన శిష్యుడు గావో చేతిలో పెట్టి, చెవిలో ఒక రహస్యం చెప్పాడు.

"గుడ్డు వేసిన కూరలో మాత్రం దీన్ని ముంచకురా. గుడ్డుకి కూడా నల్లబడుతుంది. గిన్నె అంచుకి ఆనించి తీసెయ్యి. ఈ సంగతి బయటపడిందో, సూదిని ఎవడూ నమ్మడు. సూదిని నమ్మకపోతే మనకు కూడెవడు పెడతాడు?"

చూశారా మనుషుల తెలివి! సామ్రాజ్యమంతా నా మాట మీద నిద్రపోతోంది. నా మాట కోడిగుడ్డు ముందు చెల్లదని తెలిసినవాళ్ళు ఇద్దరే, వాళ్ళిద్దరూ నోరు కుట్టేసుకున్నారు. ఇంకో మాట కూడా చెప్పేస్తాను. నా ఉద్యోగకాలమంతటిలో నేను పట్టుకున్న అసలు విషం ఒక్కటీ లేదు.

గావో చూస్తుండగానే కంచుకి అయ్యాడు, అంటే అంతఃపుర సేవకులందరికీ పెద్ద. అయినా నన్ను ఇంకొకరి చేతికివ్వలేదు. ఎవరినీ నమ్మడు, అందుకే నాకతను నచ్చాడు. పసివాడుగా సింహాసనం ఎక్కిన చక్రవర్తిని ఎత్తుకుని పెంచింది అతనే. పెళ్ళాం బిడ్డలు లేని గావోకి లోకంలో ఉన్నది ఆ ఒక్క ప్రాణమే. చక్రవర్తి దగ్గితే గావో గుండె జారిపోయేది.

ఆ భోజనశాలలో ఒక ఆచారం ఉండేది. చక్రవర్తి ఏ వంటకాన్నీ మూడు చెంచాలకు మించి తినకూడదు. మూడో చెంచా నోట్లో పడగానే గావో "తీసెయ్యండి" అనేవాడు, గిన్నె వెళ్ళిపోయేది. రాజుకి ఏది ఇష్టమో తెలిస్తే శత్రువు సరిగ్గా అందులోనే విషం పెడతాడట. అందుకని ఆ పెద్దమనిషికి ఏమిష్టమో దేశంలో ఎవరికీ తెలియకూడదు. పాపం, చివరికి ఆయనకే తెలియకుండా పోయిందని నా అనుమానం.

అలాంటి చోటికి యూలాన్ వచ్చింది. దక్షిణాన సరస్సుల సీమ నుంచి వచ్చిన చిన్నరాణి. ఆమెను చూడగానే నాకు నచ్చలేదు. అందరితో నవ్వుతూ మాట్లాడేది, పనివాళ్ళను పేరుపెట్టి పలకరించేది. ఇంత మంచిగా ఉందంటే ఏదో ఉందనుకున్నాను. చెప్పొద్దూ, ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఆమెకు చక్రవర్తి అంటే ప్రాణం, అంతే. రాజమాతకు మాత్రం ఆమె పేరెత్తితే ఒళ్ళు మండేది. తన అన్నకూతుర్ని పట్టపురాణిని చేయాలని ఆవిడ కోరిక, దానికి ఈ పిల్ల అడ్డు.

ఒకరోజు యూలాన్ తన చేత్తో తామరదుంప జావ కాచి పంపింది. వాళ్ళ ఊళ్ళో జ్వరం తగ్గినవాళ్ళకు పెట్టే జావ, బెల్లం రంగులో ఉంటుంది. నన్ను ముంచారు, తెల్లగా ఉన్నాను. గావో రుచి చూశాడు, బతికే ఉన్నాడు. చక్రవర్తి ఒక చెంచా తిన్నాడు, రెండు, మూడు. గావో "తీసెయ్యండి" అన్నాడు. చక్రవర్తి గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టి, నాలుగో చెంచా తిన్నాడు.

భోజనశాలలో ఒక్కరూ కదల్లేదు. ఆయన మాత్రం తల దించుకుని, దొంగతనంగా నవ్వుకుంటున్నాడు. నేను అంతవరకు ఆయన నవ్వు చూడలేదు. సాయంత్రానికల్లా వంటశాలలో చెవులు కొరుక్కోవడం మొదలైంది.

"నాలుగో చెంచాటమ్మా! చిన్నరాణి జావకి ఏలినవారు పడిపోయారట."

"నెమ్మదిగా మాట్లాడవే, గోడలకి చెవులున్నాయి."

ఆ తర్వాత ఆ జావ తరచుగా వచ్చేది, నాలుగో చెంచా కూడా తప్పేది కాదు. గావోకి అన్నం సయించడం మానేసింది. పెట్టె తెరిచి నన్ను తుడుస్తూ తనలో తాను గొణుక్కునేవాడు.

"పిచ్చి తండ్రీ, నీ ప్రాణం ఏ గిన్నెలో ఉందో ఊరంతటికీ చూపించేశావు కదయ్యా."

నేను రాజమాతను కనిపెట్టి ఉన్నాను. ఆవిడ దాసీలు వంటశాల వైపు వస్తే చాలు, వాళ్ళ చేతులే చూసేదాన్ని. ఏదైనా జరిగితే ఆవిడ వల్లే జరుగుతుందని నా గట్టి నమ్మకం. అనుమానమే వృత్తిగా ఉన్నదాన్ని, అనుమానించాల్సిన మనిషిని తప్ప అందరినీ అనుమానించాను.

వసంతోత్సవం నాటి విందుకి రాజమాత కూడా వచ్చింది. జావ గిన్నె మూతతో వచ్చి పక్కగదిలో బల్ల మీద కూర్చుంది. గావో అందరినీ బయటికి పంపి తలుపు వేశాడు. చేతిగుడ్డలోంచి ఉడికించిన బాతుగుడ్డు తీసి, సొన మెత్తగా చిదిమి, జావలో కలిపేశాడు. కలుపుతూ తనలో తానే గొణుక్కున్నాడు.

"ఆ పిల్లని చంపరులే. మా చక్రవర్తి నాయన చంపనివ్వడు. దూరంగా ఏ పాడుబడ్డ మందిరానికో పంపిస్తాడు, అంతే. ఈ జావ ఆగిపోతుంది. ఆ పిల్లా బతుకుతుంది, మా నాయనా బతుకుతాడు."

నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని.

నిండు సభలో నన్ను జావలో ముంచాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు ఉంచాడు. పైకి తీసేసరికి నా మొన మసిబారి ఉంది. ఆడవాళ్ళెవరో కెవ్వుమన్నారు. భటులు తలుపులు మూసేశారు. రాజమాత నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది. ఆవిడ ఏమీ చేయకుండానే ఆవిడ కోరుకున్నది ఎవరో వెండిపళ్ళెంలో పెట్టి ఇచ్చారు.

"దీనికి శిక్ష ఏమిటో శాసనంలోనే ఉంది నాయనా," అందావిడ కొడుకుతో. "తెల్లపట్టు తాడు. సూర్యుడు కుంకేలోగా జరగాలి."

గావో మొహంలో నెత్తురుచుక్క లేదు. దూరంగా పంపేయడమే అనుకున్నవాడికి ఉరితాడు ఎదురొచ్చింది. నిజం చెబితే తన తల పోతుంది, చెప్పకపోతే ఆ పిల్ల మెడకి తాడు. నన్ను పళ్ళెంలో పెట్టి ఒకడుగు వెనక్కి వేశాడు.

యూలాన్ రాజమాత వైపు గానీ, గావో వైపు గానీ చూడలేదు. చక్రవర్తికి ఎదురుగా మోకరిల్లింది.

"నేనేమీ కలపలేదు. వాళ్ళేమనుకున్నా నాకక్కర్లేదు. మీరేమంటారు ప్రభూ?"

చక్రవర్తి ఆమె మొహం చూడలేదు, నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. ఇన్నాళ్ళూ నాకు ఎవరి చూపూ బరువనిపించలేదు, ఆ చూపు అనిపించింది.

"సూది నల్లబడింది కదా యూలాన్," అన్నాడు.

అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు.  ఆమె లేచి బల్ల దగ్గరికి వచ్చి, ఎవరూ పట్టుకునేలోగా గిన్నె అందుకుంది. చెంచా కూడా తీసుకోలేదు, అంచు నోటికి పెట్టుకుని తాగేసింది. ఒకసారి మధ్యలో ఆగింది.

"ఇందులో గుడ్డు ఉంది. నేను గుడ్డు వేయలేదు."

"గుడ్డు తిని చచ్చినవాళ్ళని నేనెక్కడా వినలేదమ్మాయ్," అంది రాజమాత. కొందరు నవ్వారు కూడా. మిగిలింది యూలాన్ తాగేసింది.

అగరుబత్తి వెలిగించి అందరూ ఆమె ఎప్పుడు పడిపోతుందా అని చూస్తూ కూర్చున్నారు. ప్రేమించినవాడు కూడా కూర్చున్నాడు. బత్తి కాలిపోయింది, మరోటి వెలిగించారు, అదీ కాలిపోయింది. ఆమె నిలబడే ఉంది. ఆమె నుదుట చెమట కూడా పట్టలేదు. పట్టిందంతా గావోకే.

"మరి సూది ఎందుకు నల్లబడింది?" అంది రాజమాత.

గావో నేలమీద సాష్టాంగపడ్డాడు. "పాతబడిందమ్మగారూ. అరిగిపోయిన సూది, వెండి చెడిపోయింది. తప్పు నాది, ముందే మార్చి ఉండాల్సింది."

వాడి మొహం మండ! బతుకంతా వాడి చేతిలో చాకిరీ చేస్తే, చివరికి చెడిపోయినదాన్ని నేనయ్యాను. చక్రవర్తి పెద్దగా ఊపిరి వదిలి, పారేయించమన్నాడు. అందరూ అబద్ధాన్ని హాయిగా నమ్మేశారు. దాన్ని నమ్మితే ఇంకెవరినీ అనుమానించే పని ఉండదు మరి.

"పారేయొద్దు," అంది యూలాన్. "నాకివ్వండి."

మర్నాడు ఆమె తన గదిలో ఒక గుడ్డు ఉడికించి, సొన చిదిమి, నన్ను అందులో ఉంచింది. నేను నల్లబడ్డాను. ఆమె నన్ను వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఇక పరుగెత్తుకెళ్ళి అందరికీ చెబుతుంది, గావో పని అయిపోయింది అనుకున్నాను. ఆమె బూడిద తెప్పించి, నన్ను తెల్లగా తోమి, ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. అంతసేపు ఏడవడం నేను చూడలేకపోయాను.

తర్వాత కొన్ని రోజులకు, మధ్యాహ్నం పూట చక్రవర్తి తనే వచ్చాడు. వెంట సేవకులు లేరు. చేతిలో తేనెలో ఊరిన రేగుపళ్ళ గిన్నె ఉంది, దాన్ని పట్టుకోవడం కూడా ఆయనకు చేతకావడం లేదు, తేనె వేళ్ళ మీద కారుతోంది.

"నేనే చేశాను. ఎవరి చెయ్యీ పడలేదు," అన్నాడు.

ఆమె గిన్నె అందుకుని ఆయన్ని కూర్చోబెట్టింది. తడిగుడ్డతో ఆయన వేళ్ళు తుడిచింది. తుడుస్తూనే చెప్పింది.

"ఈ సూది గుడ్డుకి నల్లబడుతుంది ప్రభూ. చూశాను."

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "గావో! వాడి తల..."

"ఆయన్నేమీ అనకండి. మీరు తెల్లారి కళ్ళు తెరవడం తప్ప ఆయనకింకో కోరిక లేదు. మీ కోసం నన్ను చంపడానికి కూడా సిద్ధపడ్డాడు. అలాంటి మనిషి మీకు ఒక్కడైనా ఉండాలి."

"అయితే నామీద కోపం లేదు కదా?"

"లేదు ప్రభూ."

ఆ మాట నిజమే. నేను ఆమె గొంతులో కోపం కోసం వెతికాను, దొరకలేదు. ఉండి ఉంటే బాగుండేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. కోపమైతే కొన్నాళ్ళకు పోయేది.

ఆమె పెట్టె తెరిచి నన్ను తీసింది. ఆయన కళ్ళెదుటే రేగుపళ్ళలో ముంచింది. నా మాట నమ్మడానికి లేదని ఆమెకు తెలుసు, ఆ గిన్నెలో ఏమీ లేదనీ తెలుసు. అయినా పద్ధతి ప్రకారం కాసేపు ఉంచి తీసింది. నేను తళతళలాడుతున్నాను. ఆయన నా వైపు చూసి, తర్వాత ఆమె వైపు చూశాడు. 

"ఇంకా అనుమానమా యూలాన్?" అన్నాడు.

"అనుమానం కాదు," అందామె, నన్ను తుడుస్తూ. "మీ ఇంట్లో ఉండాలి కదా ప్రభూ, అలవాటు చేసుకుంటున్నాను."

ఆయన చాలాసేపు కూర్చున్నాడు. ఆమె విసనకర్రతో విసురుతూ, మామూలుగానే మాట్లాడుతూ ఉంది. వెళ్ళేటప్పుడు గిన్నె తనే తీసుకెళ్ళాడు. అందులో ఒక్క పండు కూడా తగ్గలేదు.