అరమీది ఆఖరి ఫారం

వంటింటి అరల్లో కాగితం మార్చడం రాజ్యాలు మారడం కంటే గంభీరమైన ఘట్టమని నా నిశ్చితాభిప్రాయం. రాజ్యాలు మారినప్పుడు డబ్బాలన్నీ కిందికి దించనక్కరలేదు.

ఆ మహత్కార్యానికి కావలసిన కాగితం మా ఇంటికి నా ద్వారానే వస్తుంది. నేను బైండింగు షాపులో ఫారాలు మడతపెడతాను. ఫారమంటే పదహారు పుటలు కలిపి అచ్చువేసిన పెద్ద కాగితం. మడత పడేదాకా దాని మీద పుటలు వరసలో ఉండవు. సగం తలకిందులుగా కూడా ఉంటాయి. మా షాపులో మడతలు ఆడవాళ్ళవి, కత్తిమెషిను మగవాళ్ళది, కుర్చీ యజమానిది. "మడవడానికి చేతులు చాలమ్మా, కళ్ళతో పనేముంది? చదివితే మడత వంకరపోతుంది" అని ఆయన సెలవిస్తూ ఉంటారు. సిరా అలుక్కుపోయి పాడైన ఫారాలను మాత్రం ఉదారంగా ఇంటికి పట్టుకుపొమ్మంటారు. వాటిని మా అత్తయ్య అరల్లో పరుస్తారు.

ఆయన ఆజ్ఞను చాలాకాలం శిరసావహించాను. తర్వాత ఆ నవల వచ్చింది.

తెల్లవారడం మానేసిన ఒక నగరం. ఆ చీకట్లో ఒక నీడ తిరుగుతుంటుంది. దానికి కోరలు లేవు, గోళ్ళు లేవు. మన అనుకున్నవాళ్ళ గొంతుతో "అలసిపోయావు, ఇక కూర్చో" అంటుంది, అంతే. ఆ మాట విని కూర్చున్నవాళ్ళు రాళ్ళైపోతారు. నీళ్ళు మోసే ఒక ఆడమనిషి కావడి భుజాన వేసుకుని ఆ రాళ్ళ మధ్యనుంచి తెల్లవారుజామును వెతుక్కుంటూ బయల్దేరుతుంది.

అంత భయంకరమైన పుస్తకం నన్నెందుకలా పట్టేసుకుందో తెలియడానికి కొంతకాలం పట్టింది. నీడంటే నాకు భయం వేయలేదు; మా ఇంట్లో నన్ను కూర్చోమన్న పాపాన ఎవరూ పోలేదు. నన్ను పట్టుకున్నది ఆమె నడక. నొప్పి భరించలేనప్పుడు ఆమె ఎవరినీ శపించదు, ఎవరినీ పిలవదు. కావడి భుజం మార్చుకుంటుంది. రాజులు కత్తి దూస్తే పుటలకు పుటలు ధారపోసిన పుస్తకాలను నా చేతులతో ఎన్నో మడిచాను. ఒక మనిషి తన బరువును ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకోవడాన్ని, సముద్రాన్ని మొదటిసారి చూసినట్టు నిలబడి చూసిన రాతను మాత్రం చూడడం అదే మొదలు. ఫారం సగం మడిచి అలాగే ఉండిపోయాను. యజమాని అన్నంతా అయింది, మడత వంకరపోయింది.

ఆఖరి ఫారం వచ్చిన రోజున మా ఆడపడుచు అత్తవారు భోజనానికి వస్తున్నారని నాచేత సెలవు పెట్టించారు. మర్నాటికి పుస్తకాలన్నీ కుట్టి, అట్టలు వేసి, బండెక్కించేశారు. ఆమె తెల్లవారుజామును చేరిందో, రాయైపోయిందో తెలియక నాకు అన్నం సయించలేదు. మా ఆయన ఓదార్చారు. "లేని మనిషి బతికితే ఏం, చస్తే ఏం? ముందు నా చొక్కా బొత్తాం సంగతి చూడు."

నా బాధ చూడలేక, పక్కన మడతపెట్టే ఆవిడ పాడైన ఆఖరి ఫారమొకటి దాచి తెచ్చి ఇచ్చింది. నేను స్నానం చేసి వచ్చేలోగా అత్తయ్య దాన్ని పై అరలో పరిచి, దాని మీద సరుకంతా సర్దేశారు. "ఇప్పుడే సర్దాను, కదపకు" అని హెచ్చరిక కూడా అయింది.

ఆదివారం పొద్దెక్కాక స్టూలెక్కాను. అత్తయ్య వచ్చారు.

"ఏం వెతుకుతున్నావమ్మాయ్?"

"కాగితం తీస్తున్నా అత్తయ్యా. దాని మీద ఒకావిడ ఉంది. బతికిందో లేదో చూడాలి."

నాకు మతి పోయిందంటారని సిద్ధపడ్డాను. ఆవిడ స్టూలు కదలకుండా పట్టుకున్నారు.

"ఆ కావడి మనిషేనా?"

కిందపడకపోవడం ఆవిడ చలవే.

"గిన్నెలు తుడిచి సర్దేటప్పుడు కింది అరల్లో పరిచిన ఫారాలు కాస్త కాస్త చదివాను" అన్నారు. "మొండిది. మూడుసార్లు చచ్చింది, మూడుసార్లూ లేచి నడిచింది."

"ఆమె ఒక్కసారీ చావలేదత్తయ్యా. ఊబిలో పడిపోయిన పుట పక్కనే బయల్దేరిన పుట అచ్చయి ఉంటుంది. మడిస్తేగాని వరస రాదు."

"నువ్వు మడిచి చదివావు, నీకలా కనబడింది" అని ఆవిడ నా విద్యను తోసిపుచ్చారు. "ఈ ఇంటికొచ్చాక నేనెన్నిసార్లు చచ్చి లేవలేదు? అదంతా వరసలోనే జరిగిందా? దించు, డబ్బా ఇలా ఇవ్వు."

పోపు మాడిందన్నంత మామూలుగా అన్నారా మాట. నేను స్టూలు మీదా ఆవిడ నేల మీదా ఉన్నా, కొండశిఖరం కేసి తలెత్తి చూస్తున్నట్టే అనిపించింది. ఇన్నేళ్ళూ ఒకే వంటింట్లో తిరిగాం. నాకు తెలిసిందల్లా ఆవిడ కాఫీలో ఎంత చక్కెర వేసుకుంటారన్నదే.

ఫారాన్ని ముందుగదిలో కిటికీ దగ్గరకు తెచ్చుకున్నాం. నేను మడిచాను. కూరగాయల కత్తితో అత్తయ్య అంచులు కోశారు. కత్తి మగవాళ్ళదన్న శాసనం ఆవిడ దాకా రాలేదు. చమురు మరకల మధ్య నుంచి నేను పైకి చదివాను.

తెల్లవారుజాము ఎక్కడా దొరకలేదు. నగరం చివరకు చేరిన ఆమెను నీడ తల్లి గొంతుతో పిలిచింది, బిడ్డ గొంతుతో పిలిచింది. ఆమె కూర్చోలేదు. అది పిలిచి పిలిచి ఊరుకుంది. అప్పుడామె కావడి దించి, తన కుండలోంచి తానే నీళ్ళు తాగి, కూర్చుంది. రాయి కాలేదు. దూరంగా ఒక రాయి కదిలింది.



మా ఆయన తలతుడుచుకుంటూ వచ్చారు. "వంటేమైంది? ఇద్దరూ ఇలా కూర్చున్నారేమిటి?"

"కూర్చున్నాంరా" అన్నారు అత్తయ్య.

"దీన్ని మొదటినుంచీ మళ్ళీ చదవాలి. ఈ పూట మీరు వండండి" అన్నాను.

ఆయన తీర్పు కోసం తల్లి వైపు చూశారు. ఆవిడ పుటను కళ్ళకు మరికాస్త దగ్గరగా జరుపుకున్నారు. ఆయన లోపలికి వెళ్ళారు. డబ్బాల మూతలు ఒక్కొక్కటే తెరుచుకుంటున్న చప్పుడు.

తర్వాత, బియ్యం కడగాలా అని అడిగారు.