బాబాయ్ కత్తెర

మా బాబాయ్ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేను ఓడిన రోజు నా టెన్నిస్ రాకెట్లన్నిటికీ స్ట్రింగులు కోసి పారేస్తాడు. ఓటమి చూసిన స్ట్రింగులతో మళ్ళీ ఆడకూడదట. పదకొండేళ్ళుగా నా కోచ్, డ్రైవరు, వంటవాడు అన్నీ బాబాయే గనక నోరు మూసుకుని భరిస్తున్నాను.

నాది తొమ్మిది వందల పన్నెండో ర్యాంకు. అదీ పోయిన ఏడాది ఇదే టోర్నీలో వచ్చిన పాయింట్ల పుణ్యం. ఏడాది నిండితే అవి పోతాయి. ఈసారి మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, ఒక్క మ్యాచైనా గెలవకపోతే సోమవారం నుంచి నా పేరు జాబితాలోనే ఉండదు. తీరా చూస్తే నిన్న అందులోకి చేర్చే క్వాలిఫయింగ్ చివరి రౌండులోనే ఓడి కూర్చున్నాను.

అయినా ఒక దారి మిగిలింది. మెయిన్ డ్రాలో ఎవరైనా తప్పుకుంటే క్వాలిఫయింగ్‌లో ఓడినవాళ్ళలోంచి ఒకరిని తీసుకుంటారు. పొద్దున్నే రిఫరీ బల్ల మీది కాగితంలో సంతకం పెట్టి, బూట్లు వేసుకుని పడిగాపులు కాయాలి. ఎవరికో కాలు బెణకాలని కోరుకుంటూ కూర్చోవడం ఎంత దిక్కుమాలిన పనో చేసినవాళ్ళకే తెలుసు. నాలుగు గంటలు చేశాను.

పన్నెండింటికి రిఫరీ తలుపు తీసింది. "ఒకమ్మాయికి మణికట్టు పట్టేసింది. మీరు పది నిమిషాల్లో మూడో కోర్టులో ఉండాలి."

సంచి జిప్పు తీశాను. మూడు రాకెట్లు. మూడూ ఖాళీ చట్రాలే.

"బాబాయ్! సంతకం పెడతానని చెప్పానుగా!"

"నువ్వు చెప్పేసరికే కోసేశానమ్మా. ఇవాళ సాయంత్రం తీరిగ్గా కడదామనుకున్నా. నిజంగా పిలుస్తారని ఎవరనుకున్నారు?"

"నేననుకున్నా! అందుకేగా పొద్దుట్నుంచి ఇక్కడ చస్తున్నా!"

బాబాయ్ ఒక చట్రం లాక్కుని పరుగెత్తాడు. స్ట్రింగులు కట్టే యంత్రం పక్క వీధిలో మేం దిగిన గదిలో ఉంది. ఆ మణికట్టు అమ్మాయే జాలిపడి తన రాకెట్ ఇచ్చింది. అది నా చేతిలో రోకలిలా ఉంది. మొదటి సెట్టు ఒకటి–ఆరుతో పోయింది.

రెండో సెట్టు మొదలయ్యాక, చొక్కా తడిసి ముద్దయి బాబాయ్ వచ్చాడు. రాకెట్ అందుకున్నాను. చెప్పొద్దూ, స్ట్రింగులు కట్టడంలో బాబాయ్‌ని మించినవాడు లేడు. ఆ సెట్టు గెలిచాను. ఆఖరిదైన మూడోది ఐదు–ఏడుతో ఓడిపోయాను.

బెంచీ మీద కూలబడ్డాను. "ఒక్క సెట్టు ముందొచ్చుంటే ర్యాంకు నిలిచేది!" అని అందరూ తిరిగి చూసేలా అరిచాను.

అలవాటు కొద్దీ బాబాయ్ చెయ్యి జేబులోకి పోయి కత్తెరతో బయటికొచ్చింది. నేను చూశాను. తనూ చూసుకున్నాడు. కత్తెర నా ఒళ్ళో పెట్టాడు.

"నీ దగ్గరే ఉంచు తల్లీ. నా చేతులు ఊరుకోవు."

కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కత్తెర సంచి అడుగున పడేశాను.

"వచ్చే వారం టోర్నీలో," అన్నాను ముక్కు తుడుచుకుంటూ, "ర్యాంకు లేనివాళ్ళు ఎన్నింటికొచ్చి సంతకం పెట్టాలో కనుక్కో."