ఒప్పందంలో ఏడో పేరా

మా అమ్మాయి పిట్టకి ఆరేళ్లు. నోట్లో ముద్ద పెట్టాక గొంతు మీద వేలితో మెల్లగా నిమరాలి, లేకపోతే బుగ్గనే పెట్టుకుని కూర్చుంటుంది. ఆరో ముద్ద దగ్గర ఉండగా మా ఆయన బూట్లు తొడుక్కుంటూ, లాయరు దగ్గర సంతకం పెట్టి వచ్చేయడమే కదా, ఇంకా ఎంతసేపు అన్నాడు. ఒక్క ముద్దకి ఎంతసేపు పడుతుందో తెలుసుకునే అదృష్టం ఆయనకింకా కలగలేదు. పిల్లని అత్తగారికి అప్పగించి చెయ్యి కడుక్కున్నాను.

ఎనిమిదో నెలలో టీకా వేయించిన మూడో రోజు పిట్టకి ఫిట్స్ వచ్చాయి. ఆ తర్వాత నడకా రాలేదు, మాటా రాలేదు. మందుల కంపెనీ మీద మా ఆయన దావా వేశాడు. ఇంట్లో మాత్రం ముద్దాయిని నేనే. సూది వేయించుకొచ్చింది నువ్వే కదా, నాలుగు రోజులు ఆగితే కొంప మునిగేదా అని అత్తగారు వచ్చినవాళ్లందరి ముందూ అనేవారు. తర్వాత పెద్ద డాక్టరు, టీకాకీ దీనికీ సంబంధం కనబడటం లేదు, పుట్టుకతోనే ఉండి ఉండొచ్చు అన్నాడు. అమ్మయ్య, ఈ పాపం నా నెత్తి మీంచి దిగింది అనుకున్నాను. ఇంటికొచ్చేసరికి అత్తగారు మాట మార్చేశారు. మా వంశంలో ఇలాంటి పిల్ల పుట్టలేదమ్మా అన్నారు. సూదయితే తీసుకెళ్లిన చేతులు నావి, కాకపోతే మోసిన కడుపు నాది. రెండుసార్లూ మా ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మంటతోనే పిట్ట పక్క బట్టలు ఉతికేదాన్ని.

పాము చావదు, కర్ర విరగదు, రాజీ అంటే అంతే అంది లాయరమ్మ, మేం వెళ్లి ఆమె ఆఫీసులో కూర్చోగానే. కంపెనీ కొంత డబ్బిస్తుంది, తప్పు మాత్రం ఒప్పుకోదు. ఆ డబ్బుతో పిట్టకి ఇంటికొచ్చి వ్యాయామం చేయించే మనిషిని పెట్టుకోవచ్చు. ఇద్దరం సంతకం చేయాలి. ఆమె ఒక్కొక్క పేరా చదువుతోంది. ఏడోది వచ్చింది. జరిగినదానికి కంపెనీ తప్పు గానీ, ఆసుపత్రి తప్పు గానీ ఉన్నట్టు తేలలేదు.

ఫలానావాళ్ల తప్పు లేదని కాగితం మీద రాసిచ్చే వాక్యం ఒకటి ఉంటుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

"తల్లి తప్పు కూడా లేదని అక్కడ ఒక మాట చేర్చండి" అన్నాను.

మా ఆయన నవ్వాడు. సరిగ్గా నిద్ర లేక అలా మాట్లాడుతోంది, మీరు పట్టించుకోకండి అని లాయరమ్మకి చెప్పాడు. ఆమె నవ్వలేదు. చట్టానికి ఆ మాటతో పని లేదట, అలాగని నష్టమూ లేదట. చేర్చమంటారా అని ఆయన్నే అడిగింది.

చేర్చండి అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం ఆయన మొహంలోకి సిగ్గు లేకుండా చూశాను.

"ఇంటి విషయాలు కాగితం మీదెందుకండీ" అన్నాడు. "రేపు మా అమ్మ చదివితే బాధపడుతుంది." పెన్ను నా చేతిలో పెట్టాడు. "పెట్టెయ్. పిల్ల కోసమే కదా."

"పిల్ల కోసమే" అన్నాను. "కన్నందుకు నాది తప్పయితే, పిట్ట కూడా తప్పే అవుతుంది. నా కూతురు ఎవరి తప్పూ కాదు."

పెన్ను బల్ల మీద పెట్టి, లాయరమ్మ కుర్చీ పక్కకి నా కుర్చీ జరుపుకున్నాను.

"ఏడో పేరాలో రాయండమ్మా, చెబుతాను."