రాత్రి షిఫ్టువాడి పథ్యం

ఆ పొద్దున ఆకాశం మూసుకుని ఉంది గాని వాన పడలేదు. గోదావరి మీది నుంచి మబ్బులు తొందరగా వచ్చి, ఏదో మరిచిపోయినట్టు గోదావరిఖని మీద ఆగిపోయాయి. వైద్యుడు లింగమూర్తి బస్సు దిగి వాటివంక ఒకసారి చూసి, గొడుగు చంకన పెట్టుకుని బాయి పనివాళ్ల గుడిసెల వైపు నడిచాడు.

రోగిని వెతుక్కుంటూ తాను బయలుదేరడం ఇదే మొదలు. పోశం అతని ఊరివాడే. బొగ్గుబాయిలో దిగి, పట్టాల మీద నడిచే ఇనప టబ్బుల్లోకి బొగ్గు ఎత్తి నింపే పని. ఆకలి చచ్చిపోయింది, తిన్నది ఒంటబట్టదు. నాడి చూస్తే జఠరాగ్ని నివురు కప్పిన నిప్పులా ఉంది. శొంఠి, పిప్పళ్లు, వాము కలిపి చూర్ణం ఇచ్చాడు. పొద్దు పొడవగానే పరగడుపున మందు, ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు కడుపునిండా అన్నం, చీకటి పడ్డాక తేలిక తిండి. సూర్యుడితోపాటే కడుపులో నిప్పూ ఎక్కుతుంది, దిగుతుంది అని నేర్చుకున్నవాడు లింగమూర్తి. అదే పథ్యంతో ఊళ్లోవాళ్లు లేచి తిరిగారు. పోశం మాత్రం ఎండిపోతున్నాడు. టబ్బులు ఇలాగే తగ్గితే పనిలోంచి తీసేయిస్తానని ముఠా సర్దారు చెప్పేశాడట. ఊళ్లో వాడికి గుంటెడు భూమి లేదు.

తప్పు మందులోనా, మనిషిలోనా, ఈ నేలలోనా? చూస్తే గాని తెలియదనుకున్నాడు.

పోశం గుడిసె ముందు లింగమూర్తి కూర్చుని ఉండగానే వాడు రాత్రి షిఫ్టు దిగి వచ్చాడు. కళ్లు తప్ప ఒళ్లంతా బొగ్గే. వస్తూనే పొట్లం విప్పి చూర్ణం నోట్లో పోసుకున్నాడు.

"నీ శొంఠి వాసనకు మా ముఠావోళ్లు నన్ను బాలెంత అంటున్నరు కాక."

స్నానం చేసి నడుం వాల్చాడో లేదో, గురక.

లింగమూర్తి అతని భార్య ఐలవ్వను ఒక్కొక్కటే అడిగాడు. బాయిలో చలా, ఉక్కా? లోపల ఏం తింటాడు? ఉక్కేనని, పైనుంచి నీళ్లు కారుతాయని చెప్పిందామె. పథ్యం చెడుతుందని సద్ది తీసుకుపోవడం మానేశాడట. చీకటి పడ్డాక గుప్పెడు అటుకులు తిని బాయిలో దిగుతాడట.

మధ్యాహ్నం మబ్బు సందులోంచి ఎండ పడింది. ఐలవ్వ కంచంలో అన్నం పెట్టి, మొగుడి భుజం పట్టి ఊపబోయింది.

"ఎందుకు లేపుతున్నవ్?"

"నువ్వే చెప్తివి గద మామ, ఎండ నడినెత్తికొస్తే తినాలెనని. రోజూ లేపుడే. కండ్లు మూసుకునే రెండు బుక్కలు తింటడు, మల్ల పంటడు."

లింగమూర్తి పోశం పొట్ట ఎగిసి దిగడం చూశాడు. రాత్రంతా బొగ్గు ఎత్తినవాడికి ఇది నడిరాత్రి. నడిరాత్రి లేపి నిండు భోజనం పెట్టమన్నది తానే. పైనున్న సూర్యుణ్ని చూసి పథ్యం చెప్పాడు గాని, ఈ మనిషికి ఎప్పుడు తెల్లవారుతుందో అడగలేదు.

"లేపకు బిడ్డ. ఆకలే లేపుతదేమో సూద్దాం."

"వచ్చే వారం పొద్దటి షిఫ్టు. అప్పుడెట్ల?"

అదింకా తనకూ తెలియదన్నాడు లింగమూర్తి. షిఫ్టు మారినప్పుడల్లా వచ్చి నాడి చూస్తానన్నాడు.

ఆమె తినలేదు. ఏనాడూ వేళ తప్పనివాడు, లింగమూర్తీ తినలేదు. పొద్దు వాలుతుండగా పోశం తనంతట తానే లేచి, గుంజకు ఆనుకుని కాసేపు ఊరికే కూర్చున్నాడు.

"తిన ఏమన్న ఉన్నదా?"

ఐలవ్వ మొగుడి నోట ఆ మాట విని ఎన్నాళ్లయిందో. పప్పుచారు వెచ్చబెట్టి మూడు కంచాలు పెట్టింది. ముగ్గురూ వంగి తిన్నారు. పోశం మారు అన్నానికి కంచం ముందుకు జరిపాడు. ఆమె వడ్డించింది.