పైనుంచి పన్నెండు వరసలు

మంగళవారం పొద్దు వాలే వేళకి నాంక్యా ఇంటికొచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలో కూలబడింది. కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరి బుసూటీ గౌనుకో భుజాలు నిలబెడుతున్న పెర్పేతువాకి, కూతురు అలా కూలబడడం చూడగానే గుండెల్లో రాయి పడింది.

"ఏమైందే? బోడా బండి మీంచి పడ్డావా? ఎక్కడ తగిలింది?"

"ఎక్కడా తగల్లేదమ్మా."

"మరి దొంగలా? సంచీ ఏదీ?"

"ఇదుగో, ఒళ్ళోనే ఉంది. ప్రోగ్రాం మళ్ళీ ఆగిపోయింది. ఇది మూడోసారి."

పెర్పేతువా మెడలో జపమాల కళ్ళకద్దుకుంది. పిల్ల ఒళ్ళు బాగుంది, అంతే చాలు. కానీ ఆ ఊరట రెండు కుట్లు వేసేంతసేపు కూడా నిలవలేదు.

గుట్ట మీది ఆరోగ్య కేంద్రంలో గర్భిణుల పేర్లూ, పుట్టిన పిల్లల టీకాలూ కంప్యూటర్లో పెట్టే పని నాంక్యాది. చదువయ్యాక ఊళ్ళోనే దొరికిన మొదటి పని. ప్రోగ్రాం అంతా తనే రాసింది, పుస్తకాల్లోని పాత పేజీలన్నీ అందులోకి ఎక్కించింది. అక్కడి పెద్ద నర్సు సిస్టర్ అమోంగిన్ రెండు నెలలు చూస్తానంది. ఆరు వారాలకే మూడుసార్లు అది పనిమధ్యలో చతికిలబడింది.

"సిస్టర్ ఏమంది?"

"శుక్రవారం లోపల ఎందుకు ఆగుతోందో చెప్పమంది. చెప్పలేకపోతే మళ్ళీ పుస్తకాల్లోనే రాసుకుంటాం, నువ్వు రానక్కర్లేదు అంది."

"పోలీసుల మాటేమైనా ఎత్తిందా?"

"పోలీసులెందుకమ్మా!"

"పసిపిల్లల మందులతో పని. రేపు ఏ బిడ్డకైనా ఏదైనా అయితే మొదట నీ పేరే చెబుతారు. నిన్ను కుట్టుపని నేర్చుకోమన్నాను. కత్తెర వేలు కోస్తుంది గానీ ఉద్యోగం కొయ్యదు."

అమ్మ మాటలకి జవాబు చెబితే అవి తరగవు, ఇంకో నాలుగు పుట్టుకొస్తాయి. నాంక్యా సంచీలోంచి మూడు చీటీలు తీసి చాప మీద పక్కపక్కన పరిచి, వాటి ముందు తల పట్టుకుని కూర్చుంది.

పెర్పేతువా మిషను ఆపింది. ప్రైమరీ ఏడో తరగతితో ఆమె చదువు ఆగిపోయింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటుంది, అంకెలు మాత్రం బాగా తెలుసు. వంగి చూసింది. వేలెడంత వెడల్పు కాగితాలు, తల్లులకి మళ్ళీ ఎప్పుడు రావాలో కొట్టిచ్చే చిన్న ప్రింటరువే. మూడింటి మీదా అవే మాటలు, అవే అంకెలు. సందులు లేకుండా కుక్కేసి ఉన్నాయి. కొన్ని మాటలు అంచు దగ్గర విరిగి కింది వరసలోకి జారాయి.

"ఇవేమిటి?"

"తప్పు జాడ అమ్మా. ప్రోగ్రాంలో ఒక పని ఇంకో పనిని పిలుస్తుంది, అది మరోదాన్ని పిలుస్తుంది. చివరికి ఎక్కడో ఒకటి బోర్లా పడితే, ఎవరు ఎవరిని పిలిచారో వరసగా ఇలా అచ్చు పడుతుంది. అక్కడి కంప్యూటర్లో చోటు తక్కువ. ఏదైనా జరిగితే చీటీ మీద కొట్టమని నేనే రాశాను. సిస్టర్ ఆ చీటీ దాచి నాకిస్తుంది."

"మరి జాడ చేతిలో పెట్టుకుని ఏడుస్తావేం?"

"మూడూ ఒకేలా ఉన్నాయి కదా! 'ప్రోగ్రాం మొదలైంది, పట్టీ తెరిచింది, బిడ్డ పేజీకి వెళ్ళింది...' అంతే. అసలు పడిందెవరో లేదు."

"ఎందుకు లేదు?"

నాంక్యా చీటీ తెగిన అంచు వేలితో చూపించింది. "కాగితం చుట్ట తొందరగా అయిపోతోందని సిస్టర్ కోప్పడింది. అందుకని పైనుంచి పన్నెండు వరసలు కొట్టి ఆపెయ్యమన్నాను. పడినవాడి పేరు అట్టడుగున ఉంటుంది. అది తెగిపోయింది."

పెర్పేతువా ఒక చీటీ అందుకుని పైనుంచి కిందికి వేలు జరిపింది.

"అంటే పెద్ద తాత దగ్గర మొదలెడతాడా మీవాడు?"

"ఏ తాత?"

"మీ పెద్దనాన్న పోయినప్పుడు దూరపు చుట్టాలు ఎంతమంది వచ్చారు! గుమ్మంలో నిలబడి ఏమన్నారు? 'నేను ఫలానా, ఫలానా వాడి కొడుకుని, ఫలానా వాడి మనవణ్ణి, మా వంశం ఇది, మా గుట్ట ఇది' అన్నారు. ముందు తనెవరో చెప్పాక గదా తాతలు! తాత ముత్తాత దగ్గర మొదలెడితే, ఆ వచ్చినవాడి పేరు వినేలోపు నా పొయ్యి మీద అన్నం మాడిపోతుంది. నీ చీటీ తాతముత్తాతల్ని పన్నెండుమందిని చెప్పి, గుమ్మంలో నిలబడ్డవాడి పేరు వచ్చేసరికి తలుపేసేసింది. అందరి తాతలూ ఒకళ్ళే. మూడూ ఒకేలా ఉండక ఏంచేస్తాయి?"

నాంక్యా తల పైకెత్తింది. చెప్పులింకా కాళ్ళకే ఉన్నాయి.

"తిప్పి కొట్టించొచ్చు," అంది మెల్లగా. "పడినవాడు పైన, వాణ్ణి పిలిచినవాడు ఆ కింద."

"ఏం పనిమీద వచ్చాడో, చేతిలో ఏం పట్టుకొచ్చాడో కూడా అడుగు. ఊరికే పేరు చెప్పి నిలబడితే ఎవరు లోపలికి రానిస్తారు?"

"ఆ... పడినప్పుడు చేతిలో ఏముందో. అదీ కొట్టించొచ్చు."

"అయితే ఏడుపు మాని కాళ్ళు కడుక్కో. మతోకే చల్లారిపోతోంది."

కూతురు వేరుశనగ పులుసు ఆ అరటికాయ ముద్దలో కలుపుకుంటూ నవ్వింది. ఆ నవ్వు చూసి పెర్పేతువాకి ఇంకో భయం పట్టుకుంది. తన తెలివితక్కువ మాట విని పిల్ల ఉన్నది కూడా చెడగొట్టుకోదు కదా!

బుధవారమంతా నాంక్యా ఆ అచ్చు సంగతే చూసింది. పాత జాడలో పనికిమాలిన వరసలు తీసేసింది. పొడుగాటి పేర్లు విరగకుండా చిన్నకాగితానికి సరిపడా సర్దింది. ఒక్కో పిలుపుకీ ఒక్కో వరస, మధ్యలో కాస్త ఎడం. అన్నింటికన్నా పైన తప్పు, దాని కిందే చేతిలో ఉన్న మాట. ఇంట్లో ప్రింటరు లేదు. అందుకని తెల్లకాగితం మీద చీటీ వెడల్పు గళ్ళు గీసి, ఒక్కో అక్షరం లెక్కబెట్టి చూసుకుంది. పెర్పేతువా తన కొలతటేపు ఇచ్చింది. "గుడ్డ కొలవకుండా కోసేవాళ్ళని చూశాను గానీ కాగితం కూడా అంతేనా తల్లీ!" అని దెప్పడం మానలేదు.

చిక్కేమిటంటే, కొత్త చీటీ రావాలంటే ప్రోగ్రాం ఇంకోసారి పడాలి. టీకాల రోజులు మంగళ, గురువారాలు. గడువు లోపల గురువారం ఒక్కటే మిగిలింది.

గురువారం పొద్దున్నే పెర్పేతువా మిషను మీద గుడ్డ కప్పి కూతురితో బయల్దేరింది. "నువ్వెందుకమ్మా?" అంటే, "ఎవరైనా నిన్ను కొడితే అడ్డం పడడానికి," అంది. ఆ మాట వేళాకోళానికి అన్నది కాదు.

గుట్ట మీద వరండా నిండా తల్లులు. పిల్లల ఏడుపులు, గుడ్డ మూటలు, బల్లల మీద చోటు కోసం చిన్న తగువులు. సిస్టర్ అమోంగిన్ వేరే ప్రాంతపు తెసో తెగ మనిషి. మాట కటువు, చెయ్యి మెత్తన. పెర్పేతువా మోకాళ్ళ మీద వంగి పలకరించింది.

"లేవండమ్మా లేవండి, మోకాళ్ళు నొప్పి పుడతాయి. కూతురికి కాపలా వచ్చారా?"

"దానికి నీళ్ళు అందించడానికి వచ్చాను సిస్టర్ గారూ."

"మంచిది. ఇవాళ ఆగితే మాత్రం నేను నీళ్ళు పట్టుకోను, పుస్తకం పట్టుకుంటాను."

నాంక్యా కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాం ఎక్కించి సిస్టర్ పక్కన నిలబడింది. సిస్టర్ ఒక్కో తల్లినీ పేరడిగి కొట్టడం, గర్భంతో ఉన్నప్పటి పేజీ తెరుచుకోవడం, దానికింద బిడ్డ టీకా చేర్చడం. పదిమంది అయ్యారు. ఇరవైమంది అయ్యారు. ఏమీ కాలేదు.

తన బతుకులో పెర్పేతువా ఎన్నడూ ఎరగని చిత్రమైన అవస్థ అది. కీడు జరగాలని కోరుకుంటోంది! పడితే సిస్టర్ కోప్పడుతుంది. పడకపోతే రేపు చెప్పడానికి ఏమీ ఉండదు. దేవమాతని ఏమని వేడుకోవాలో తెలియక జపమాల పూసలు ఊరికే తిప్పుతూ కూర్చుంది. పడితే ఇవాళే పడాలి, మెల్లగా పడాలి, ఎవరికీ దెబ్బ తగలకుండా పడాలి.

పదకొండు దాటాక ఇద్దరు పసిగుడ్డుల్ని చెరో చంకనా వేసుకుని, దిట్టంగా ఉన్న ఒక మనిషి వచ్చి బల్ల ముందు కూర్చుంది. పేరు చెప్పింది. సిస్టర్ కొట్టింది. తెర ఒక్కసారి తెల్లబోయింది. ప్రింటరు కిర్రుమంది.

"పడింది!" అని పెర్పేతువా ఎగిరి లేచింది. వరండా అంతా ఆమె వంకే తిరిగింది.

"దేవుడి దయ," అంది సిస్టర్ పళ్ళ బిగువున. "మీ కూతురి ప్రోగ్రాం చచ్చిపోతే సంబరపడే తల్లిని మిమ్మల్నే చూశాను."

నాంక్యా చీటీ చింపి చదివింది. పైవరసలో, తల్లి పేజీ దొరకలేదని ఉంది. దాని కింద, చేతిలో ఉన్న మాట.

"నలోంగో," అని పైకి చదివింది.

పెర్పేతువా దగ్గరికొచ్చి తొంగిచూసింది. ఆ ఒక్క మాటా ఆమె కూడా చదవగలిగింది. నలోంగో అంటే కవలల తల్లి. కవలల్ని కన్నాక ఇక ఆ ఆడదాన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. మొగుడూ పిలవడు, అత్తా పిలవదు. నీ పేరేమిటంటే ఆమె కూడా అదే చెబుతుంది. చెప్పకపోతేనే వింత.

"ఓసి పిచ్చిపిల్లా! కడుపుతో ఉన్నప్పుడు ఈవిడ నలోంగో ఎలా అవుతుందే? అప్పుడు వేరే పేరు రాయించి ఉంటుంది!"

నాంక్యా చీటీ మళ్ళీ చదివింది. పేరు దొరకని తల్లి అసలు ఉండదని రాసుకుంది తను. కొత్తవాళ్ళకి వేరే మీట ఉంది, పాతవాళ్ళ పేరు తప్పకుండా ఉంటుంది అనుకుంది. మనిషి పేరు మధ్యలో మారుతుందని ఏ పాఠంలోనూ చెప్పలేదు. తన మేనత్త నలోంగో. చిన్నప్పటినుంచీ నలోంగో అత్త అనే పిలిచింది, ఆమె అసలు పేరు ఈనాటికీ తెలియదు.

"సిస్టర్ గారూ, ఇంతకుముందు ఆగినప్పుడు కూడా..."

సిస్టర్ కలం నుదుటికి ఆనించి ఆలోచించింది. "మొన్న మంగళవారం వచ్చింది కవలలే. అంతకుముందు... జనం తోసుకుంటుంటే ఎవరికి గుర్తు? ఆగిపోగానే వాళ్ళని పుస్తకంలో రాసి పంపేశాను. అవును, అప్పుడు కూడా రెండు సూదులు తీసినట్టే గుర్తు."

"మా పిల్లలకి సూది వేస్తారా, లేకపోతే మీ ముగ్గురూ ఇలాగే కబుర్లు చెప్పుకుంటారా?" అంది నలోంగో. "ఎడమచంకవాడు ఇప్పటికే నన్ను తడిపాడు. కుడివాడు కూడా తయారవుతున్నాడు."

"ఒక్క నిమిషం అమ్మా," అంది సిస్టర్. "నీ ఇంకో పేరు చెప్పు."

నలోంగో మొహం గంటు పెట్టుకుంది. "ఇంకో పేరేమిటి? నలోంగోని. ఇద్దర్నీ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను, కనిపించడం లేదా?"

వరండాలో రెండుమూడు గొంతులు కిసుక్కుమన్నాయి. సిస్టర్ మళ్ళీ నోరు తెరవబోయింది. కవలల ముందు వాళ్ళ తల్లికి అమర్యాద జరిగితే కవలలు ఊరుకోరు, అన్నవాళ్ళ ఒళ్ళు కాలిపోతుందని పెర్పేతువాకి వాళ్ళమ్మమ్మ చెప్పింది. కాలితే తన ఒళ్ళే కాలనీ, పిల్లది పడుచుది అనుకుని ముందుకెళ్ళి నలోంగో ముందు రెండు మోకాళ్ళూ నేల కానించింది. మొదట ఎడమవాడికీ తర్వాత కుడివాడికీ పేరుపేరునా దండం పెట్టింది. మగ కవలల పేర్లు అడగనక్కర్లేదు, ఎప్పుడూ పెద్దవాడు వాస్వా, చిన్నవాడు కాటో.

"వాస్వా అయ్యా, కాటో అయ్యా, మీరు రాకముందు అమ్మగారిని పుట్టింట్లో ఏమని పిలిచేవారో అడగడానికి సెలవివ్వండి. అప్పుడు రాసిన కాగితం కంప్యూటర్లో దాక్కుంది. ఆ పేరు పెట్టి పిలిస్తేగాని బయటికి రాదట."

నలోంగో పిల్లల వంక చూసింది. ఇద్దరూ నోట్లో పిడికిళ్ళు పెట్టుకుని పెర్పేతువానే చూస్తున్నారు. ఆమె మొహంలో బిగువు సడలింది. ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువుని వెతుక్కుంటున్నట్టు పైకప్పు వంక చూసింది.

"నమాగెంబే," అంది చివరికి, కొత్తపెళ్ళికూతురిలా కాస్త సిగ్గుపడుతూ. "నాలుగు నెలలైంది ఆ మాట విని."

నాంక్యా ప్రోగ్రాం మళ్ళీ తెరిచి ఆ పేరు కొట్టింది. పేజీ వచ్చింది. పోయిన ఏడాది తారీఖులు, రక్తపోటు, బరువు, పక్కన సిస్టరే రాసిన మాట: కడుపులో ఇద్దరు ఉండవచ్చు.

సిస్టర్ అది చదివింది. తర్వాత సూదిమందు సీసా వెలుతురుకి పెట్టి చూసుకుంటూ అంది.

"పేరు పక్కన ఇంకో గడి పెట్టు నాంక్యా. పాత పేరుకి ఒకటి, కొత్త పేరుకి ఒకటి. పేరు దొరక్కపోతే బోర్లా పడకుండా నన్ను అడగమను. ఎన్నాళ్ళు పడుతుంది?"

"సాయంత్రానికల్లా పెట్టేస్తాను సిస్టర్ గారూ."

"తొందరేం లేదు. వచ్చే గురువారం దాకా చూసుకో. ఆ పై గురువారం కూడా రావాలి కదా నువ్వు."

పెర్పేతువాకి ఆ మాట అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యేసరికి నలోంగో ఎడమచంకవాణ్ణి ఆమె ఒళ్ళో పడేసింది. "ముందు వీణ్ణి గట్టిగా పట్టుకో అమ్మా, సూదంటే తంతాడు," అంది. పెర్పేతువా పట్టుకుంది. వాడు తన్నాడు, అరిచాడు. ఆమె బుసూటీ మోకాళ్ళ దాకా తడిపాడు. ఆమె వాడి వీపు నిమురుతూ, అయిపోయింది నాన్నా, అయిపోయింది అంటూ కూర్చుంది.