లైన్లో నిలబడ్డ బిందె

నేను ఒక స్టీలు బిందెను. నవ్వకండి. బిందెకు ఆత్మకథేమిటి, కొళాయి కిందికీ గడప లోపలికీ తిరగడమేగా దాని బతుకు అనుకుంటారని నాకు తెలుసు. మీ ఇంట్లో బిందెను ఎప్పుడైనా పలకరించారా? దాహమైతే ముంచుకు తాగుతారు, మూత పెడతారు, అంతే. ఇప్పుడు నా అడుగున చిల్లు పడింది, నీళ్ళు పోస్తే నిలవవు. అయినా మా గేరిలో నాకున్న మర్యాద తళతళలాడే కొత్త బిందెలకు లేదు. నీళ్ళు మోసే బిందెలు ఊరి నిండా ఉన్నాయి. ఓటు లైన్లో నిలబడి నెగ్గుకొచ్చిన బిందెను నేనొక్కదాన్నే.

నేను పుట్టింది ఎక్కడో మద్రాసు దగ్గర ఒక కార్ఖానాలో. రేకును యంత్రం కింద పెట్టి అదిమితే నేను తయారయ్యాను. లారీ ఎక్కి, రైలెక్కి, చివరికి పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఒకతని సైకిలు మీద వేలాడుతూ కర్నూలు జిల్లాలోని ఈ పత్తి మిల్లుల ఊరికి వచ్చాను. మా వైపు వీధిని గేరి అంటారు. సున్నపుబట్టి గేరిలో ఉరుకుందమ్మ అనే ఆవిడ నన్ను చూసి, వేలితో టంగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఇంట్లోకి వెళ్ళి రెండు పాత చీరలు తెచ్చింది. సైకిలు మనిషి చాలవన్నాడు. మళ్ళీ లోపలికి వెళ్ళి మొగుడి జరీ అంచు పంచె తెచ్చి వాడి మొహాన కొట్టింది. ఆ తర్వాత ఏ పెళ్ళికి వెళ్ళాల్సి వచ్చినా ఆ మహానుభావుడు పెట్టెలన్నీ తిరగేసి పంచె కోసం వెతుక్కునేవాడు. నేను మూలన కూర్చుని చూస్తూ ఉండేదాన్ని. నేనే ఆ పంచెనని చెప్పడానికి నాకు నోరుంది గానీ మాట లేదు.

మరునాడే బజారుకు తీసుకెళ్ళి నా మెడ మీద చుక్కలు చుక్కలుగా తన పేరు కొట్టించింది. అంతకుముందు ఆవిడ పేరు రేషను కార్డు మీద తప్ప ఎక్కడా రాసి ఉండేది కాదట. నన్ను చంకనెత్తుకుని గేరంతా ఒక చుట్టు తిరిగి వచ్చింది.

ఇక నా అసలు చదువు కొళాయి దగ్గర మొదలైంది. మా గేరి మొత్తానికీ ఒకటే కొళాయి. నీళ్ళు వారానికోసారి వస్తే వచ్చినట్టు, అదీ ఏ పూటో దేవుడికే ఎరుక. అంతసేపు మనుషులు నిలబడితే వంటెవరు చేస్తారు, మిల్లులో పత్తెవరు ఏరతారు? అందుకని బిందెలు నిలబడతాయి. తెల్లారగానే ఎవరి బిందె వాళ్ళు తెచ్చి వరసలో పెట్టి పనికి పోతారు. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే, ఇది గేరి చట్టం. ఎంత గయ్యాళైనా పక్కదాని బిందెను కదిలించదు. మరో చట్టం కూడా ఉంది. ముందుకు జరగడమే గానీ వెనక్కి జరగడం ఉండదు. కొళాయి లైన్లో అడుగు వెనక్కి వేసిన ఆడదాన్ని నేను నా పుట్టుకలో చూడలేదు. జుట్లు పట్టుకున్నారు, గాజులు పగిలాయి, నా నడుము మీద ఈ సొట్ట కూడా అలాంటి ఒక ఉదయాన పడిందే. వెనక్కి మాత్రం ఎవరూ జరగలేదు.

అయితే మా గేరికి ఒక తలవంపు ఉండేది. ఓట్లు వేయరని పేరు. వేయకూడదని కాదు పాపం. మగవాళ్ళలో సగం మంది పనులకు వలస పోయి ఉంటారు. ఆడవాళ్ళు ఓట్లు వేసే బడి దగ్గర లైన్లో నిలబడితే, సరిగ్గా ఆ పూటే కొళాయికి నీళ్ళొస్తాయి. ఓటా, నీళ్ళా అంటే గొంతు తడవడమే ముందు కదా!

ఒకసారి ఉరుకుందమ్మ బడి మెట్ల దాకా వెళ్ళింది. ఇంకో నలుగురైతే తన వంతే. అంతలో "నీళ్ళొచ్చినాయ్!" అని కేక. ఆవిడ పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుంది. నీళ్ళు పట్టి, ఇంట్లో దించి, తిరిగి వెళ్ళేసరికి గేటు మూసేశారు.

కొద్ది రోజులకు వార్డు నాయకుడు మా గేరికి వచ్చాడు. తెల్ల చొక్కా, వెనక పది మంది. అందరూ ఆయన్ని పెద్దన్న అంటారు. ఉరుకుందమ్మ నన్ను చంకలో పెట్టుకునే వెళ్ళి అడిగింది, "ఇంగో కొళాయి ఏపియ్యి నాయనా, సావలేకుండాము" అని.

ఆయన నవ్వాడు. "ఏదవ్వా, నీ ఏలు సూపియ్యి!"

ఆవిడకు అర్థం కాలేదు. చెయ్యి చాపింది. గోరు మీద సిరా చుక్క లేదు.

"సూడండ్రా, ఓటెయ్యను తీరిక ల్యా, కొళాయి మాత్రం కావాల్నంట! మీ గేరి ఓట్లన్నీ కలిపితే ఒక ఆటోకు సాలవు గదవ్వా!"

వెనకున్న పది మందీ పగలబడి నవ్వారు. ఉరుకుందమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని ఆ వేలిని నా అడుగు కింద దాచింది.  నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ రోజు నేను నిండుగా ఉంటే ఆ తెల్ల చొక్కా తడిసి ముద్దయ్యేది.

ఇంటికొచ్చి కోడలు హంపమ్మతో ఒకే మాట చెప్పింది. "మల్ల ఓట్లకు నా ఏలికి సిరా పడాల. పడకుండా నేను సావను."

ఐదేళ్ళు గడిచాయి. ఉరుకుందమ్మ మోకాళ్ళు పోయాయి, నన్ను మోయడం హంపమ్మ వంతయింది. హంపమ్మ తక్కువ మాట్లాడుతుంది, అనుకుంటే మాత్రం వదలదు. ఎన్నికల రోజున గేరి ఆ చివర నుంచి ఈ చివర దాకా తలుపు తలుపూ కొట్టి అందరినీ లేపింది. "లెయ్యండమ్మా, ఈసారి ఒక్క ఓటు మిగిలినా మనకు సిగ్గు" అంది. అందరినీ లేపి పంపేసరికి తను అందరికంటే వెనకబడింది.

బడి దగ్గర చూస్తే లైను గేటు దాకా ఉంది. మే నెల ఎండ పెళపెళలాడుతోంది. పైగా ఓటు మిషను మొరాయించిందట, లైను కదలడం లేదు. మా ఆడవాళ్ళేం చేశారనుకున్నారు? ఇళ్ళకు పోయి బిందెలు తెచ్చారు! అలవాటు ఎక్కడికి పోతుంది? వరసగా మమ్మల్ని ఎండలో పెట్టి తాము వరండా నీడలో కూర్చున్నారు. కొందరు పిల్లలకు అన్నం పెట్టడానికి ఇళ్ళకు పోయారు. అందరికంటే చివర నేను.

గేటు దగ్గరి కానిస్టేబులు తల పట్టుకున్నాడు. "ఏందమ్మా ఇది! ఈడ నీళ్ళియ్యరు."

"నీళ్ళకు కాదు సార్, మా జాగాకు" అంది ఉలిగమ్మ. ఉలిగమ్మ అంటే కొళాయి దగ్గర అందరికీ హడల్. ఆమె నోటికి ఎదురు చెప్పిన కానిస్టేబులు ఇంకా పుట్టలేదు.

పక్క కాలనీ నుంచి వచ్చి లైన్లో మా మధ్య నిలబడ్డ ఒక టీచరమ్మ మమ్మల్ని చూసి కిసుక్కుమని నవ్వింది. ఎండ నెత్తికెక్కాక తన హ్యాండ్‌బ్యాగును ముందరి బిందె మీద పెట్టి, చల్లగా వెళ్ళి మావాళ్ళ పక్కనే నీడలో చతికిలబడింది. మనుషులు నవ్విన పనే చేస్తారు, కాకపోతే కాస్త ఆలస్యంగా.

మిషను బాగయింది. లైను కదిలింది. మావాళ్ళలో ముందున్న నలుగురు ఓటు వేసి వేలు ఊదుకుంటూ బయటికొచ్చారు. పొద్దు వాలింది. ఇక అత్తను తీసుకురావాలని హంపమ్మ లేస్తుండగా గేరి వైపు నుంచి కేక వినపడింది.

"నీళ్ళొచ్చినాయ్!"

 లైను లైనంతా లేచి నిలబడింది. అందరి చూపూ మా మీదే. బిందెల్ని ఎత్తుకుంటే ఇక్కడి చోటు పోతుంది. వదిలేస్తే అక్కడ నీళ్ళు పోతాయి. ఒకామె అప్పుడే వంగి తన బిందె మెడ పట్టుకుంది.

హంపమ్మ అరిచింది. ఆమె అరవడం నేను అంతకుముందు వినలేదు. "ఓటేసినోళ్ళు నీళ్ళకు పోండి! ఎయ్యనోళ్ళు లైన్లోనే ఉండండి! ఇంట్లో ఉండే ప్లాస్టిక్ బిందెలు తీసుకోని అందరిండ్లకూ మీరే పట్టండి."

"అందరికా? నా వంతులో ఇంగొకరికి పట్టాల్నా?" అంది ఓటేసిన వాళ్ళలో ఒకామె. కొళాయి దగ్గర ఒకరి వంతులో ఇంకొకరికి పట్టడం ఎన్నడూ లేదు మరి.

"ఈ ఒక్క దినం పట్టక్కా. మా అత్త ఏలు మతికి తెచ్చుకో."

ఆమె చీర చెంగు దోపుకుని పరుగెత్తింది, మిగతా ముగ్గురూ ఆమె వెనకే. హంపమ్మ నన్ను లైను తోకన సర్ది, "సూసుకో ఉలిగక్కా" అని చెప్పి ఇంటికి ఉరికింది.

ఆరింటికి ఓటింగు ముగుస్తుంది. అప్పటికి లైన్లో ఉన్నవాళ్ళకు మాత్రం చీటీలిచ్చి, ఎంతసేపైనా సరే ఓటు వేయనిస్తారు. ఆ చీటీలు తోక నుంచి మొదలుపెట్టి ఇస్తారు, వెనక ఇంకెవరూ వచ్చి చేరకుండా. కళ్ళద్దాల ఆఫీసరు చీటీలు పట్టుకుని బయటికొచ్చి తోక వైపు చూశాడు. తోకన నేనున్నాను.

"ఎవరిదీ బిందె?"

"ఉరుకుందమ్మది సార్. మెడ మీద పేరుంది సూడండి" అంది ఉలిగమ్మ.

"మనిషేదమ్మా?"

"వస్తాంది. బిందె ఉంటే మనిషి ఉన్నట్టే సార్."

ఆయన మంచివాడే, విసుక్కోలేదు. "బిందెకు ఓటు లేదమ్మా. ఆరు కొట్టేసరికి లైన్లో మనిషి ఉండాలి" అన్నాడు. కానిస్టేబులు నన్ను ఎత్తి పక్కన పెట్టి గేటు వైపు నడిచాడు. నా బతుకులో నన్ను లైన్లోంచి తీసింది ఆ ఒక్కడే.

గేటు అవతల రోడ్డు మలుపులో హంపమ్మ కనిపించింది. ఆమె భుజం మీద చెయ్యేసి ఉరుకుందమ్మ కాలు ఈడుస్తూ వస్తోంది. నాలుగడుగులు వేసి ఆగుతుంది, మళ్ళీ నాలుగడుగులు. పెద్దన్న మనుషుల ఆటో ఒకటి పక్కన ఆగింది, ఎక్కు అవ్వా అని. "మీ ఆటో ఎక్కితే నా ఓటు మీదంటారు, పోండ్రా" అని ముసలావిడ చేత్తో తోసేయడం ఇక్కడికి కూడా కనిపించింది. అయ్యో తల్లీ, ఈ పూటైనా రోషం మానుకోరాదా అనుకున్నాను. మానుకుంటే ఆవిడ ఉరుకుందమ్మ ఎందుకవుతుంది!

ఉలిగమ్మ ఆ ముసలావిడను చూసింది, గేటును చూసింది. "సార్, ఆరయిందా?"

"ఇంకా కాలేదు."

"అయితే మా లైను మా ఇష్టం. జరగండే ఎనక్కి!"

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. వెనక్కా? తర్వాత తోకనున్న ఉలిగమ్మే ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె ముందున్నామె వేసింది. మనిషికీ మనిషికీ మధ్య బారెడు ఎడం వదులుతూ లైనంతా సాగింది. టీచరమ్మ కూడా హ్యాండ్‌బ్యాగు చంకలో పెట్టుకుని వెనక్కి జరిగింది. ప్రాణం పోయినా వెనక్కి జరగని ఆడవాళ్ళు, గలాటాల్లో నా నడుముకు సొట్ట పెట్టిన ఆడవాళ్ళు, ఒక ముసలిదాని వేలి కోసం అడుగు తర్వాత అడుగు వెనక్కి వేస్తుంటే నాకు ఏడుపొచ్చింది. స్టీలుకు ఏడుపేమిటంటారా? వచ్చింది, అంతే.

లైను తోక గేటు దాటింది. కానిస్టేబులు గేటు మూయబోతే మధ్యలో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. "మూయి నాయనా, మమ్మల్ని నలిపి మూయి" అన్నారు. ఉలిగమ్మ మొదటి అడుగులోనే వంగి నన్ను చంకన ఎత్తుకుని ఉంది. లైను రోడ్డు మీదికి, మలుపు వైపుకు సాగుతూనే ఉంది. ఉరుకుందమ్మ లైను దగ్గరికి సగం నడిచింది. మిగతా సగం లైనే ఆవిడ దగ్గరికి నడిచింది.

ఉలిగమ్మ నన్ను బోర్లించి నేల మీద పెట్టింది. "కూసో అత్తా."

ఉరుకుందమ్మ ఆయాసపడుతూ నా మీద కూర్చుంది. హంపమ్మ అత్త ముందు నిలబడింది. ఆఫీసరు గడియారం వైపు చూస్తూ నిలబడి, ఆరు కాగానే ఆ బారు పొడవునా నడిచి రోడ్డు మలుపు దాకా వచ్చాడు. ముసలావిడను చూశాడు, కింద నన్ను చూశాడు. నవ్వు ఆపుకున్నాడని నాకు బాగా తెలుసు. చీటీల కట్టలో పైది తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. దాని మీద ఒకటో నంబరుంది.

"కడాన ఉండేదానికి ఒకటో నంబరా!" అంది ఉరుకుందమ్మ.

"మా లెక్క ఇంతేనవ్వా" అన్నాడాయన.

లైను ముందుకు కదిలిన ప్రతిసారీ ఆవిడ లేవడం, హంపమ్మ నన్ను ముందుకు జరపడం, ఆవిడ మళ్ళీ కూర్చోవడం. బడిలో దీపాలు వెలిగాయి. ఓటేసి వచ్చిన ఒక్కరూ ఇంటికి పోలేదు. చిట్టచివరికి ఆవిడ తలుపు లోపలికి వెళ్ళింది, నేను బయట ఉండిపోయాను. కాసేపటికి లోపల మిషను పీక్‌మన్న శబ్దం వినపడింది. చూపుడు వేలు పైకెత్తి పట్టుకుని, దేనికీ తగలనివ్వకుండా బయటికొచ్చింది. ఇళ్ళకు వెళ్ళి చూస్తే ప్రతి గడప ముందూ ఒక నిండు బిందె ఉంది. మా గడప ముందు రెండున్నాయి.

రెండు వారాలకు పెద్దన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి గేరిలో ఓట్లు బాగా పడ్డాయని ఆయనకు తెలిసింది. ఉరుకుందమ్మ ఆ రోజు పట్టుబట్టి నన్ను తనే చంకన పెట్టుకుంది. ఆ వేలు ఒకప్పుడు దాక్కున్న నా అడుగు కింద కాదు, నా మెడ మీద, తన పేరు మీద, అందరికీ కనపడేలా ఉంది. గోరు మీద సిరా ఇంకా నల్లగానే ఉంది. గర్వమంటారా? నిండు బిందె తొణకదంటారు. నేను తొణికాను.

ఆయన ఆ వేలును చూశాడు. గొంతు తగ్గించి, ముందుకు వంగి, "ఎవరికేసినావవ్వా?" అన్నాడు.

గేరంతా చెవులు రిక్కించింది. నేను కూడా. నాకు కూడా చెప్పలేదు మరి.

"అది సెప్పేదుంటే లోపలికి ఒంటిగా యాల పంపిస్తారు నాయనా?" అంది ఉరుకుందమ్మ. "కొళాయి సంగతి సెప్పు."